సరే బావ

జమీర్ నోటినుంచి రోజుకి ఎన్ని "సరే"లు వస్తాయో షాహీనా ఒక ఆదివారం పట్టుబట్టి లెక్కపెట్టింది. మధ్యాహ్నానికే నలభై దాటాయి. పెరుగు తెమ్మంటే సరే. అత్తగారి బీపీ మాత్రలు అయిపోయాయంటే సరే. కుళాయి కారుతోందంటే సరే. పెరుగూ రాలేదు, మాత్రలూ రాలేదు, కుళాయి కారుతూనే ఉంది. చివరికి ఆమె ఉల్లిపాయలు తరుగుతూ, గొంతు ఏమాత్రం మార్చకుండా, "నేను ఇల్లు వదిలేసి పోతున్నా, పిల్లని నువ్వే చూసుకో" అంది.

"సరే," అన్నాడు జమీర్ టీవీ మీంచి చూపు తిప్పకుండా.

షాహీనా పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక లేచి వచ్చి అతని మొహంలోకి చూసింది. ఆ మొహంలో వేళాకోళం లేదు. విసుగూ లేదు. అసలక్కడ ఎవరూ ఉన్నట్టు లేదు. అప్పుడామెకి భయమేసింది.

పుట్టుకతో అలాంటి మనిషి కాడు జమీర్. పన్నెండేళ్ళు పోర్టులో క్రేన్ నడిపాడు. ఓడ కడుపులోంచి బొగ్గు తీస్తుంటే పైన అద్దాల గదిలో కూర్చుని ఖవ్వాలీలు పాడేవాడు. క్రేన్ నడిపేవాడికి కళ్ళకంటే పిర్రలు ముఖ్యమని తోటివాళ్ళకి చెప్పి నవ్వించేవాడు. అందులో అబద్ధం లేదు. బరువు ఎక్కువైతే ముందు తెలిసేది కుర్చీకే, గాలి మారితే ముందు తెలిసేదీ కుర్చీకే. పాతపట్నంలో ఇంటికొచ్చాక కూడా ఆ ఊపు ఒంట్లోంచి పోయేది కాదు. అన్నం తింటూ ఊగుతున్నాడని వాళ్ళమ్మ గులాబ్ బీ మొట్టికాయ వేసేది.

రెండేళ్ళ కిందట ఒక గనుల కంపెనీ వాళ్ళు రమ్మన్నారు. గని ఎక్కడో విజయనగరం అవతల కొండగెడ్డలో ఉంది, ఇక్కడికి తొంభై కిలోమీటర్లు. నువ్వు అక్కడికి రానక్కర్లేదు, దుమ్ము మింగనక్కర్లేదు, ఆటోనగర్లో ఏసీ గదిలో కూర్చుని నడుపుదువుగాని అన్నారు. ఎవడు కాదంటాడు? లేతు మిషన్ల షాపుపైన, రెండో అంతస్తులో గది. ఒక కుర్చీ, మూడు తెరలు, బళ్ళని నడిపే రెండు చేతికర్రలు, ఒక మైకు. భూమి లోపల మూడు సొరంగాల్లో మూడు లోడర్లు. ఒక్కో లోడరు మన ఊరి లారీ అంత ఉంటుంది గాని డ్రైవరు ఉండడు. ముడి ఖనిజం గుట్ట దగ్గరికి తనే వెళ్తుంది, తనే తిరిగొస్తుంది, తనే పారబోస్తుంది. గుట్టలోకి ముందుండే ఇనుప బొచ్చె దూర్చి నిండా ఎత్తడం ఒక్కటే దానికి ఇంకా చేతకాదు. అది మాత్రం జమీర్ చేస్తాడు. ఒక్కోసారికి నలభై సెకన్లు. మిగతా టైమంతా చూస్తూ ఉండాలి.

చూస్తూ ఉండడమంత కష్టమైన పని ఇంకొకటి లేదు. ఆ సంగతి, చూస్తూ కూర్చోమని జీతమిచ్చేవాళ్ళకి ఎప్పటికీ తెలియదు. పని చేస్తే అలుపొస్తుంది, అలుపొస్తే నిద్రొస్తుంది, నిద్రపోయి లేస్తే మనిషి మళ్ళీ మనిషౌతాడు. ఊరికే చూస్తూ ఉంటే అలుపు రాదు. ఏదో తిమ్మిరి వస్తుంది. కాలికి తిమ్మిరెక్కితే విదిలించుకుంటాం. మనిషికే ఎక్కితే ఎవరు విదిలిస్తారు?

ఆ తిమ్మిరిలో అతనికి తోడున్నది ఒక్క గొంతు. దాని పేరు వరహాలు.

వరహాలు కొండగెడ్డలో గేటుమనిషి. ప్రతి సొరంగం మూతి దగ్గరా రెండు కర్రలుంటాయి, వాటి మధ్య కంటికి కనపడని వెలుతురు ఉంటుంది. దాన్ని ఎవరైనా దాటితే ఆటోనగర్లో సైరన్ మోగుతుంది, లోపల లోడరు ఉన్నచోటే ఆగిపోతుంది. మళ్ళీ కదలాలంటే జమీర్ రీసెట్ మీట నొక్కాలి. నొక్కేముందు మైకులో అడగాలి. లోపల ఎవరూ లేరని గేటుమనిషి చెప్పాలి. అతనన్న మాటని జమీర్ తిరిగి పలకాలి. పలికాకే మీట. ఈ పద్ధతి అట్టమీద రాసి, ప్లాస్టిక్ తొడిగి, గోడకి తగిలించారు.

పద్ధతి మంచిదే. కాని గనిలో దుమ్ము ఉంటుందనీ, దుమ్ము అణచడానికి నీళ్ళు చల్లుతారనీ, ఆ తుంపరకి కూడా వెలుతురు తెగుతుందనీ పద్ధతి రాసినవాళ్ళకి తోచలేదు. ఒక్క షిఫ్టులో ముప్ఫై అయిదుసార్లు సైరన్ మోగేది. ముప్ఫై అయిదుసార్లూ దుమ్మే. మొదటి నెల ఇద్దరూ బుద్ధిమంతుల్లా అడిగి, చెప్పి, తిరిగి పలికారు. రెండో నెల వరహాలే అన్నాడు.

"బావ, దుమ్ముకి దుమ్మని ఎన్నిసార్లు సెప్పమంటావు? నాను లోనికెల్తే నానే సెప్తాను గదా. సెప్పకుండా అడుగేసే రకం కాదు నాను. నా గొంతు ఇనబడనేదంటే లోన ఎవలూ నేరన్నట్టే. నువ్వు నొక్కీ."

"సరే బావ," అన్నాడు జమీర్.

అలా గేటుకి బదులు వరహాలు మాట కాపలా అయింది. తప్పేమీ కనపడలేదు. కర్రల మధ్య వెలుతురు రోజుకి ముప్ఫై అయిదు అబద్ధాలాడేది. వరహాలు రెండేళ్ళలో ఒక్కటీ ఆడలేదు. అతను పందొమ్మిదేళ్ళుగా గనుల్లో ఉన్నాడు, కొత్తగా చేరిన గేటువాళ్ళకి పని నేర్పేదీ అతనే. "సెప్పు, తర్వాత అడుగెయ్యి" అని వాళ్ళ చేత చిన్నపిల్లల ఎక్కంలాగా వల్లె వేయించేవాడు. జమీర్ మైకులో వింటూ నవ్వుకునేవాడు.

ఇద్దరూ ఎన్నడూ కలుసుకోలేదు. తెరమీద వరహాలంటే ఒక హెల్మెట్, ఒక లైటు. అయినా అతని జీడితోటలో ఎన్ని చెట్లు పూతకొచ్చాయో జమీర్‌కి తెలుసు, కూతురు సనోబర్‌కి లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో వరహాలుకి తెలుసు. టైర్లు మార్చుకోడానికి ఆటోనగర్ వచ్చే గని లారీలో పనసకాయ వచ్చేది. రంజాన్ నెలలో అదే లారీలో ఖర్జూరాలు వెళ్ళేవి. అందరినీ బావ అనే దేశమే ఇది. కాని వీళ్ళిద్దరూ ఆ పిలుపుని ఊరికే వాడలేదు.

రెండో ఏడు వచ్చేసరికి కబుర్లు తగ్గాయి. గొడవేం లేదు. జమీర్‌కి చెప్పడానికి ఏమీ తోచేది కాదు, అంతే. వరహాలు చెప్తుంటే సరే బావ, సరే బావ అనేవాడు. నాలుకకి నరం లేదంటారు కదా. అతని నాలుకకి చెవి కూడా అక్కర్లేకపోయింది.

ఆ మంగళవారం పొద్దున్న ఆరింటికి షిఫ్టు ఎక్కాడు. పదకొండూ ఇరవైకి మైకులో గొంతు వచ్చింది.

"బావ, మూడో దాన్లోకి ఎల్తన్నాను. దారికడ్డంగా రాయి పడింది, తీసేసొత్తాను. బండి ఆపు."

"సరే బావ."

చెయ్యి ఆపే మీట వైపు కదల్లేదు. మొదటి తెరలో బొచ్చె గుట్టలోకి దూరే టైము అది, రెండు చేతులూ చేతికర్రల మీద ఉన్నాయి. అయిదారు సెకన్ల తర్వాత మూడో గేటు సైరన్ మోగింది. బొటనవేలు వెళ్ళి రీసెట్ నొక్కి వచ్చేసింది. ఆ వేలు అంతకుముందు ఆ పొద్దున్నే ఇరవైరెండు సార్లు అలాగే వెళ్ళి వచ్చింది. జమీర్ తల కూడా తిప్పలేదు.

మూడో తెరలో చీకటి సొరంగం వెనక్కి జరుగుతోంది. లోడరు ఒకచోట కొంచెం పైకి లేచి దిగింది. గతుకు ఎక్కినట్టుంది, అంతే. కుర్చీ కదల్లేదు. కదిలేలా దాన్నెవరూ చెయ్యలేదు. అప్పుడు నీళ్ళ పంపు దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చిన మనిషెవరో గేటు మైకు అందుకుని అరిచాడు. "ఆపండి! ఆపండి బాబూ! వరాలు మావ బండి కింద పడిపోనాడు!" జమీర్ ఎర్ర గుండీ మీద అరచేత్తో కొట్టాడు. మూడు తెరలూ ఆగిపోయాయి.

తర్వాత మైకులో చాలా గొంతులు వచ్చాయి. స్ట్రెచర్ అన్నారు, ఎడమకాలు అన్నారు, ప్రాణం ఉంది అన్నారు. జమీర్ అన్నీ విన్నాడు. బల్లమీద టీ ఉంది. చల్లారిపోతుందని తాగాడు. ఆ టీ గుటక తర్వాత రోజుల్లో అతనికి చాలాసార్లు గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం తీపి తక్కువైందని అనుకున్నాడు.

సాయంత్రానికి సేఫ్టీ మేనేజర్ వీరేంద్ర వచ్చాడు. చెడ్డవాడేం కాదు. జమీర్ భుజం మీద చెయ్యి వేసి, నీళ్ళు తెప్పించి, కంప్యూటర్ తెరిచి కూర్చున్నాడు. గేటు సైరన్ ఎప్పుడు మోగిందో, రీసెట్ ఎప్పుడు నొక్కారో అన్నీ అందులో ఉన్నాయి. మధ్యలో రెండే సెకన్లు. మైకులో మాటలు మాత్రం ఎక్కడా లేవు. వాటిని రికార్డు చేసే పెట్టె కొన్నారు, అలమరలో పెట్టారు, వైరు కలపలేదు.

"చూడు జమీర్," అన్నాడు వీరేంద్ర. "దుమ్ముకి రీసెట్ కొట్టడం అందరూ చేసేదే, దాంతో నీకు పెద్ద ఇబ్బంది లేదు. అతను చెప్పకుండా లోపలికెళ్ళాడా, చెప్పి వెళ్ళాడా అన్నదే విషయం. మెసేజ్ ఏమీ రాలేదు కదా? రాలేదని రాసుకుంటున్నా."

"సరే సార్," అన్నాడు జమీర్.

ప్రింటు తీసి ముందు పెడితే సంతకం చేశాడు. మెట్లు దిగుతూ, ఏడో మెట్టు మీదో ఎనిమిదో మెట్టు మీదో, తను దేనికి సరే అన్నాడో తెలిసింది. ఒక్క క్షణం ఆగాడు. పైకి వెళ్ళడానికి ఏడెనిమిది మెట్లు. కింద లేతు మిషన్ ఇనుము కోస్తోంది. అతను కిందికే దిగి, బండి తీసి, ఇంటికి వెళ్ళాడు. కావాలని అబద్ధమాడిన వాడికి కనీసం భయమన్నా ఉంటుంది. ఇతనికి అదీ లేదు.

నాలుగు రోజులు సెలవిచ్చి అయిదో రోజు మళ్ళీ అదే కుర్చీలో కూర్చోబెట్టారు, ఇంకెవరికీ ఆ పని రాదు గనక. మైకులో కొత్త గొంతు. అతను పొడిపొడిగా మాట్లాడేవాడు, బావ అనేవాడు కాదు. సైరన్ మోగేది. జమీర్ ఇప్పుడు అడిగేవాడు, విని తిరిగి పలికేవాడు, అప్పుడు నొక్కేవాడు. బొటనవేలు మాత్రం ప్రతిసారీ అతనికంటే ముందే మీట దగ్గరికి చేరి కాచుక్కూర్చునేది.

ప్రమాదం జరిగిందని ఇంట్లో చెప్పాడు, గేటుమనిషి కాలు పోయిందని చెప్పాడు. మిగతాది చెప్పలేదు. నిద్ర బాగానే పట్టింది. అన్నం బాగానే దిగింది. అది చూసే షాహీనాకి దిగులు పట్టుకుంది. పద్దెనిమిదో రోజు, శనివారం, అతనికి ఆఫ్. కంచంలో చెయ్యి కడుక్కోబోతుంటే అడిగింది.

"వరహాలు అన్నని ఏ ఆసుపత్రిలో పెట్టారు?"

"సీతమ్మధారలో."

"సీతమ్మధారలోనా! మనింటికి అరగంట. పద్దెనిమిది రోజులైంది. ఆయన పంపిన పనసకాయలు తిన్నాం కదా జమీర్. ఒక్కసారైనా పోయి చూశావా?"

"సరే, వెళ్తాలే."

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే ఈ కంచం నీ నెత్తిన కొడతా," అంది షాహీనా. "లే. చొక్కా మార్చుకో. నేను గుమ్మంలో నిలబడతా, నువ్వు బండెక్కేదాకా ఇక్కణ్ణించి కదల్ను."

ఆసుపత్రి మూడో అంతస్తులో, రెండు మంచాల గదిలో, కిటికీ పక్క మంచం. జమీర్ గుమ్మంలో ఆగిపోయాడు. అతను మనసులో పెట్టుకున్న వరహాలు పొడుగు మనిషి, గొంతు అలాంటిది మరి. మంచం మీదున్నాయన పొట్టిగా, బక్కగా, నెరిసిన గడ్డంతో ఉన్నాడు. దుప్పటి ఎడమవైపు మోకాలి కిందనుంచి చదునుగా ఉంది. పక్కన స్టూలు మీద ఒక ఆడమనిషి బార్లీ చల్లారుస్తోంది. భార్య రాణి అన్నమాట.

"ఎవరు కావాలి?" అంది రాణి.

"నేను... ఆటోనగర్ నుంచి..."

అంతే. మంచం మీద మనిషి తల తిప్పాడు. "బావా?" అన్నాడు. "ఓలమ్మ, బావే! రాణీ, మా జమీరు బావే ఇతను. గొంతు ఇంటే తెలీదేటి నాకు? రా, ఇలగ కూకో. ఇంత నల్లగా ఉంటావనుకోనేదు బావ నాను."

పక్క మంచం మీదున్న ముసలాయన కూడా నవ్వాడు. జమీర్ తెచ్చిన బత్తాయిల సంచీ కింద పెట్టి కూర్చున్నాడు. ఎలా ఉంది అని అడగబోయి మానేశాడు. ఎలా ఉందో దుప్పటే చెప్తోంది.

వరహాలు నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. కాసేపు కిటికీ వైపు చూశాడు. మళ్ళీ ఇటు తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు.

"బావ, నిన్నోటి అడగాలని ఆరోజుకాణ్ణించి కాసుకుని ఉన్నాను. నాకు ఆ పొద్దు గుర్తు రాటం నేదు. టిపిన్ తిన్నాను, అది గుర్తుంది. రాయి పడ్డాది సూసేను, అదీ గుర్తుంది. తర్వాత అంబులెన్సే. మద్దిన ఏటైందో తుడిసిపెట్టీసినట్టుంది. కంపినీవోలొచ్చి నువ్వు రాసిచ్చిన కాయితం సదివేరు. నాను సెప్పకుండా లోనికెల్లీసేనంట."

జమీర్ సంచీలోంచి జారిన బత్తాయిని తీసి మళ్ళీ లోపల పెట్టాడు.

"నాను నమ్మనేదు ముందు. పందొమ్మిదేళ్ళు బావ! ఒక్కనాడు సెప్పకుండా అడుగేసినోణ్ణి కాను. మళ్ళీ అనుకున్నాను, బావ రాసిచ్చేడంటే నిజవే అయ్యుంటది, బావ అబద్దం ఎందుకాడతాడు? నానే మర్సిపోయుంటాను. ముసిలోణ్ణి అయిపోనాను. ఆ పిల్లలకి నీతులు సెప్పి నానే గాడిద పని సేసేను."

"ఇదే గోల బాబూ," అంది రాణి గ్లాసు కింద పెట్టి. "కాలు పోయిందని ఒక్కపాలీ ఏడవనేదు. ఈ మాటకే ఏడుస్తన్నాడు. కన్ను మూసి తెరవడం నేదు. సెప్పేనా, సెప్పనేదా, సెప్పేనా, సెప్పనేదా... డాకటేరు నిద్రమాత్ర ఇచ్చినా పడుకోడు. సోమారం ఆళ్ళు మళ్ళీ వొత్తారంట, తప్పు నాదేనని సంతకం పెట్టమన్నారు. పెడితే ఈయనకి బదులుగా నన్ను పనిలోకి ఎట్టుకోరు. అదలగుంచు. ముందు ఈ మనిసి బతకాల."

వరహాలు చెయ్యి చాపి జమీర్ మణికట్టు పట్టుకున్నాడు. పట్టు గట్టిగానే ఉంది. "నువ్వు సెప్పు బావ. నువ్వే సాచ్చివి. ఇంకెవలూ నేరు. నాను సెప్పేనా, నేదా?"

ఇక్కడ కథ చెప్పేవాడికి, జమీర్ గుండె పగిలిపోయిందనో, అంతరాత్మ నిద్రలేచిందనో రాయాలని ఉంటుంది. అలాంటిదేమీ జరగలేదు. లేదు అనడానికి నోరు తెరిచాడు. ఆ మాట తేలికైంది, ఒకసారి కాగితం మీద అన్నదే. కాని ఎదురుగా ఉన్న మనిషి తన పెదవుల వంకే చూస్తున్నాడు, బిడ్డ బతికిందో లేదో చెప్పబోయే డాక్టరు మొహంలోకి తల్లి చూసినట్టు. రెండేళ్ళలో ఎవరూ జమీర్ మాట కోసం అలా కాచుకోలేదు.

"చెప్పావు," అన్నాడు.

"ఏటి?"

"చెప్పావు బావ. మూడో దాంట్లోకి వెళ్తున్నా, దారికడ్డంగా రాయి పడింది, తీసేసొస్తా, బండి ఆపు అన్నావు. అక్షరం పొల్లు పోకుండా చెప్పావు."

వరహాలు పెదాలు కదిలాయి. ఆ మాటల్ని తనలో తాను అనుకుని చూసుకుంటున్నాడు, అవి తనవేనా కాదా అని. అవి తనవే. మొహం మొత్తం విచ్చుకుంది.

"సెప్పేను," అన్నాడు. "రాణీ, సెప్పేనంటే! నాను సెప్పేను! ఓ ముసిలాయనా, ఇన్నావా? సెప్పే ఎల్లేను నాను! నాకు తెలుసు! నానెందుకు సెప్పకుండా ఎల్తాను?" కళ్ళల్లో నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు, నవ్వుతున్నాడు. కాలు లేని మనిషి, పెళ్ళికొడుకులా నవ్వుతున్నాడు.

జమీర్‌కి సిగ్గేసింది. పద్దెనిమిది రోజుల తర్వాత, ఇంకా నిజం చెప్పాలంటే ఏడాది తర్వాత, అతనికి ఏదన్నా అనిపించడం అదే మొదలు. అది సిగ్గు. చెవులు కాలాయి. తిట్టి ఉంటే, చెంపమీద కొట్టి ఉంటే తట్టుకునేవాడే. ఈ సంతోషాన్ని తట్టుకోలేకపోయాడు.

రాణి నవ్వలేదు. ఆమె జమీర్ వైపే చూస్తోంది.

కాసేపటికి వరహాలు కూడా సద్దుమణిగాడు. ఆలోచన నెమ్మదిగా అతని మొహం మీదికి వచ్చింది. "మరి... నువ్వేటన్నావు బావ?"

"సరే బావ అన్నాను."

"సరే అన్నావు. మరి ఆపనేదేటి?"

"ఆపలేదు. గేటు మోగితే రీసెట్ కూడా కొట్టాను. ఎందుకంటే నాకూ తెలీదు. నువ్వన్నది చెవిలో పడింది, నోరు సరే అంది, అక్కడితో అయిపోయింది. నా దాకా రాలేదు. చాలా రోజులుగా ఏదీ నా దాకా రావడం లేదు బావ. ఆ కాగితం మీద కూడా అలాగే సంతకం పెట్టేశాను. తప్పు నాది. నీది కాదు."

వరహాలు అతని మణికట్టు వదిలాడు. విసురుగా కాదు, మెల్లగా వదిలాడు. చెయ్యి తెచ్చి దుప్పటి మీద, చదునుగా ఉన్నచోట పెట్టుకున్నాడు. క్షమించానని అనలేదు. పోనీలే అనలేదు. "నాను సెప్పేను," అని ఇంకోసారి అన్నాడు, అంతే, దిండు మీద తల వాల్చాడు.

జమీర్ వరండాలోకి వచ్చి వీరేంద్రకి ఫోన్ చేశాడు. చేసిన పాపం చెప్తే పోతుందంటారు. పోదు. చెప్పాల్సినవాళ్ళకి చెప్పేదాకా అది పాపంగా కూడా మొదలవ్వదు, అంతే తేడా.

"సార్, ఆరోజు మెసేజ్ వచ్చింది. వరహాలు చెప్పాడు, నేను విన్నాను, ఆపలేదు. నా స్టేట్‌మెంట్ మార్చండి."

"జమీర్, నీకు ఒంట్లో బాగుందా?" అన్నాడు వీరేంద్ర. "ఇది రాస్తే కేసు నీ మీదికొస్తుంది. ఉద్యోగం పోవడం చిన్న విషయం. నీకు కూతురుంది. మళ్ళీ ఆ కుర్చీలో నిన్నెవడూ కూర్చోనివ్వడు."

"తెలుసు సార్."

"ఇవాళ శనివారం. ఇంటికెళ్ళి ప్రశాంతంగా ఆలోచించుకో. సోమవారం పొద్దున్న మాట్లాడుకుందాం, సరేనా?"

"లేదు సార్," అన్నాడు జమీర్. ఆ మాట అనడం అతనికి కొత్తగా ఉంది. "ఇప్పుడే రాసుకోండి. నేను చెప్తా. ఒక్క షిఫ్టులో ముప్ఫై అయిదుసార్లు గేటు దుమ్ముకి మోగుతుందని రాయండి. మనిషి ఒకడు, బళ్ళు మూడు అని రాయండి. రికార్డు పెట్టె అలమరలో ఉందని రాయండి. పొద్దున్న ఆరు నుంచి పదకొండూ ఇరవై దాకా నేను కుర్చీలోంచి లేవలేదని రాయండి. ఇవన్నీ రాశాక, తప్పు నాదని కూడా రాయండి. మీరు రాయకపోతే నేనే రాసి, గనుల ఇన్‌స్పెక్టర్‌కి పంపుతా."

వీరేంద్ర నిట్టూర్చాడు. తర్వాత, చెప్పాను కదా చెడ్డవాడు కాడని, "మొదట్నుంచీ చెప్పు" అన్నాడు. కీబోర్డు చప్పుడు వినిపించింది.

చెప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఫోన్ జేబులో పెట్టుకుని జమీర్ గోడకి ఆనుకున్నాడు. ఉద్యోగం పోతుంది, ఇంట్లో అమ్మకీ షాహీనాకీ చెప్పాలి, పోలీసులు రావచ్చు. అన్నీ ఒక్కసారిగా తెలిసొచ్చాయి. భయం వేసింది, మామూలు మనుషులకి వేసే భయం. వెళ్ళొస్తానని చెప్పడానికి మళ్ళీ గది దగ్గరికి నడిచాడు.

రాణి గుమ్మం బయటే నిలబడి ఉంది. వెనకాల తలుపు దగ్గరగా వేసి, గొళ్ళెం చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుంది. లోపల్నుంచి గురక వినిపిస్తోంది. పెద్దగా, లోతుగా, అడ్డూ ఆపూ లేని గురక.

"సార్‌తో మాట్లాడానమ్మా," అన్నాడు జమీర్. "అంతా చెప్పేశాను. సోమవారం ఆయన్ని ఏ సంతకమూ పెట్టొద్దని చెప్పండి."

రాణి తల ఊపింది. సంతోషం గాని కోపం గాని ఆ మొహంలో లేదు, అలసట ఒక్కటే ఉంది. తలుపు సందులోంచి ఒకసారి లోపలికి చూసి, అతని వైపు తిరిగింది.

"పడుకున్నాడు," అంది మెల్లగా. "పద్దెనిమిది రోజులకి ఇయ్యాలే పడుకున్నాడు. నువ్వు మొదటి రోజే వొచ్చి సెప్పుంటే, బాబూ, మొదటి రోజే పడుకునీవోడు."